ముందు ముసలిదయ్యేది రబ్బరు

తిరువళ్ళూరు దాటి కడంబత్తూరు వైపు వెళ్తే అదిగత్తూరులో ఒక కార్ల కర్మాగారం ఉంది. అంబాసిడర్ కారుతో పేరు తెచ్చుకున్న హిందుస్థాన్ మోటార్స్ 1998లో అక్కడ జపాను వాళ్ళ మిత్సుబిషి లాన్సర్ తయారీ మొదలుపెట్టింది. 2002లో పజేరో వచ్చింది. భాగాలుగా ఓడ దిగి, ఈ షెడ్లలో బండిగా రూపు కట్టేది. 2835 సీసీ డీజిల్ ఇంజను, నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటు, ఎంత గుంత పడినా లెక్కచేయని ఛాసిస్. 2012లో పజేరో స్పోర్ట్ వచ్చేదాకా ఆ పాత పజేరోయే ఇక్కడి పెద్దబండి. తర్వాత ఇసుజు ఎంయూ-7 కొన్నాళ్ళు ఇదే చోట తయారై, 2016లో ఇసుజు సొంత కర్మాగారం సత్యవేడు పక్కన శ్రీసిటీలో తెరుచుకోగానే అటు పోయింది. 2021లో అదే షెడ్లలోంచి సిట్రోయెన్ బయటికొచ్చింది. కర్మాగారానికి యజమానులూ బ్రాండ్లూ మారుతూ వచ్చాయి. అక్కడ పుట్టిన పజేరోలు మాత్రం ఇంకా చుట్టుపక్కల రోడ్ల మీద తిరుగుతున్నాయి.

పాండూరు అక్కడికి దూరమేమీ కాదు. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి వెళ్ళే దారిలో తగులుతుంది. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే. సరిహద్దు గీత జరిగినా ఇళ్ళలో తెలుగు జరగలేదు. ఈ పల్లెల్లో తెల్లారి ఇటుక బట్టీకి, పొద్దెక్కాక తిరువళ్ళూరు బ్యాంకుకు, సాయంత్రం తోటకి, ఆడికృత్తికకు కొండకు, పెళ్ళిళ్ళ నెలలో నగరికీ పుత్తూరుకీ, అన్నిటికీ ఒకే బండి కావాలి. తారురోడ్డు మీద కారులా పోవాలి, వానాకాలం బట్టీ దారి బురదలో జీపులా ఈడ్వాలి. అందుకే ఇక్కడ పాత డీజిల్ ఫోర్ వీల్ డ్రైవులు ఇంకా బతికున్నాయి. పజేరోలున్నాయి, మహీంద్రా మేజర్లూ ఎంఎం 540లూ ఉన్నాయి, పాత బొలేరోలు, ఒకటీ అరా టాటా సఫారీ కూడా ఉన్నాయి. వీటిని ఆదివారం తుడిచి చూసుకునే ముచ్చటగా కాక, రోజూ పొద్దున తాళం తిప్పగానే లేవాల్సిన పనిబండిగా ఎలా ఉంచుకోవాలన్నది ఈ అధ్యాయం సంగతి.

ఇరవయ్యేళ్ళ బండి అనగానే ఇనుము అరిగిపోయి ఉంటుందని మనం అనుకుంటాం. పిస్టను, క్రాంకు, గేరు పళ్ళు, ఇవే ముందు పోతాయని భయం. నిజానికి సరైన నూనెలో తిరిగే ఇనుము చాలాకాలం మన్నుతుంది. ముందు పోయేవి మెత్తనివి: రబ్బరు గొట్టాలు, సీళ్ళు, వాషర్లు, కూలెంటు, బ్రేకు నూనె, రాగి తీగల కొసలు. బండి తిరిగినా తిరగకపోయినా వీటి వయసు పెరుగుతూనే ఉంటుంది. మీటరు మీది కిలోమీటర్లు వీటి సంగతి చెప్పవు, క్యాలెండరు చెబుతుంది. దారిలో ఆగిపోయిన పాత డీజిలును విప్పి చూస్తే, నూటికి తొంభైసార్లు అనను గానీ, చాలాసార్లు కారణం వంద రూపాయల రబ్బరు ముక్కే.

నిప్పురవ్వ లేని ఇంజను

సైకిలు చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెడితే వేడిగా ఉంటుంది. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. డీజిల్ ఇంజనుకు ఉన్న మంత్రమంతా అదే. పాత పజేరో ఇంజను గాలిని 21వ వంతుకు నొక్కుతుంది. 30 డిగ్రీల గాలి లోపలికి వెళ్తే, గోడలకు పోయే వేడి పోగా, పిస్టను పైకి చేరేసరికి ఆ గాలి సుమారు 600 డిగ్రీలకు చేరుతుంది. డీజిల్ తనంతట తాను అంటుకోవడానికి 250 డిగ్రీల ప్రాంతం చాలు. ఆ క్షణాన నాజిల్ తుంపర కొడితే స్పార్కు ప్లగ్గు అవసరమేముంది? రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఈ ఊహను యంత్రంగా నడిపి చూపించినప్పుడు, అది ఇంధనంలోని శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. ఆ రోజుల ఆవిరి యంత్రాలకు అందులో సగం కూడా గగనమే.

ఈ పద్ధతి వల్ల పాత బండికి కలిసొచ్చేది ఒకటుంది. ఒకసారి లేచిన మెకానికల్ డీజిలు నడుస్తూ ఉండటానికి కరెంటుతో దాదాపు పనే లేదు. పంపులో డీజిల్ దారిని తెరిచి ఉంచే చిన్న సోలినాయిడ్‌కు ఒక తీగ, అంతే. అయితే ఆ ఒక్క తీగ కొస వదులైతే ఇంజను చప్పున ఆగిపోతుంది. బోనెట్టు ఎత్తి హడావిడి పడే ముందు ఆ తీగను వేలితో కదిపి చూడటం ఈ బండ్లవాళ్ళు మొదట నేర్చుకోవాల్సిన పని. తర్వాతి కాలపు పంపులకు ఎలక్ట్రానిక్ నియంత్రణ చేరింది, వాటి గొడవ వేరు.

గాలి వేడెక్కితేనే మంట కాబట్టి, చల్లటి ఇంజను కష్టంగా లేస్తుంది. పాత పజేరో లాంటి ఇంజన్లలో డీజిల్ నేరుగా పిస్టను మీద పడదు, పక్కనున్న చిన్న గదిలో సుడి తిరుగుతూ అంటుకుంటుంది. ఆ గది గోడలు వేడిని తాగేస్తాయి. అందుకే హీటర్ ప్లగ్గులు. మన దగ్గర చిక్కేమిటంటే, తిరువళ్ళూరులో జనవరి తెల్లవారుజాము కూడా పెద్ద చలేమీ కాదు. నాలుగు ప్లగ్గుల్లో రెండు కాలిపోయినా బండి కొంచెం వణికి లేస్తుంది, మనకు తెలియదు. డిసెంబరులో హార్స్‌లీ హిల్స్ మీద రాత్రి నిలిపి, పొద్దున తాళం తిప్పినప్పుడు ఆ రెండు ప్లగ్గుల సంగతి బయటపడుతుంది. మల్టీమీటరుతో ఒక్కొక్కదాని రెసిస్టెన్సు చూడటానికి పది నిమిషాలు పట్టదు. మంచి ప్లగ్గు ఒక ఓము అటూఇటూ చూపిస్తుంది, కాలిపోయింది అసలు దారే ఇవ్వదు.

డీజిలే ఇంధనం, డీజిలే నూనె

ఈ బండిలో అన్నిటికంటే సున్నితమైన భాగం ఇంజెక్షన్ పంపు. అందులోని ప్లంజరుకూ దాని గొట్టానికీ మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్లని గుర్తు పెట్టుకుంటే ఆ పనితనం ఏపాటిదో తెలుస్తుంది. ఇంత బిగుతు ఉంటేగాని నాజిల్ దగ్గర 120, 150 బార్ల ఒత్తిడి రాదు. రోటరీ పంపులకు విడిగా ఇంజను ఆయిలు అందదు. లోపల తిరిగే ప్రతి ముక్కకూ జారుడునిచ్చేది ఆ పంపులోంచి పోయే డీజిలే.

డీజిలే మారిపోయింది. 1990ల మొదట్లో మన డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళకు పది వేలదాకా ఉండేది. పొగ ప్రమాణం బీఎస్-2 నాటికి 500, బీఎస్-3కి 350, 2017లో దేశమంతా బీఎస్-4 అయ్యేసరికి 50, 2020 ఏప్రిల్ 1 నుంచి 10. ఊపిరితిత్తులకు ఇది మేలైన వార్త. పంపుకు మాత్రం ఇందులో ఒక మెలిక ఉంది. డీజిల్‌కు జారుడునిచ్చేది గంధకం కాదు. గంధకాన్ని హైడ్రోజన్‌తో తొలగించేటప్పుడు, లోహానికి అంటుకుని పొరలా నిలిచే ఆక్సిజన్, నైట్రోజన్ సమ్మేళనాలు కూడా కొట్టుకుపోతాయి. జారుడు పోయేది అవి పోవడంవల్ల. అందుకే చమురు కంపెనీలు ఆ లోటు తీర్చే మందు కలిపి అమ్ముతాయి. ఉక్కు గుండును డీజిల్‌లో ముంచి 60 డిగ్రీల దగ్గర రుద్దితే దాని మీద పడే మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదని ప్రమాణం. కాబట్టి బంకులో పోసే డీజిల్ మీ పాత పంపుకు చాలు. టూ స్ట్రోక్ ఆయిలు కలిపితే పంపు మెత్తగా తిరుగుతుందని ఎంతోమంది డ్రైవర్ల నమ్మకం. కొంచెం కలిపితే కొంపేమీ మునగదు, కలపకపోయినా మునగదు. కొంప ముంచేది కిరోసిన్. దానికి జారుడు తక్కువ, అది కలిసిన డీజిల్ తాగిన పంపు లోపలే గీరుకుపోతుంది. బట్టీల దగ్గర జనరేటరు కోసం పీపాల్లో నిలవుంచిన డీజిల్‌ను బండికి పోయడం కూడా నాకు నచ్చని అలవాటే. అది ఎక్కడ పట్టారో, ఎన్నాళ్ళు తుప్పుపట్టిన మూత కింద ఉందో ఎవరికీ తెలియదు.

కొత్త డీజిల్ చేసే రెండో పని మరీ విచిత్రం. పాత డీజిల్‌లో ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు ఎక్కువ. పంపు సీళ్ళలోని నైట్రైల్ రబ్బరు వాటిని పీల్చుకుని కొద్దిగా ఉబ్బి, ఆ ఉబ్బుతోనే గాడిలో బిగుతుగా కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి అలా ఉబ్బి గట్టిపడిన రబ్బరుకు ఉన్నట్టుండి శుభ్రమైన డీజిల్ పోస్తే, అది పీల్చుకున్నదంతా వదిలి ముడుచుకుంటుంది. 1993 అక్టోబరులో కాలిఫోర్నియాలో కొత్త డీజిల్ వచ్చినప్పుడు పాత బండ్ల పంపులు వరసగా కారడం మొదలెట్టి పెద్ద గోలయింది. మన దగ్గర ఆ మార్పు మెట్లు మెట్లుగా జరిగింది కాబట్టి గోల వినపడలేదు, కానీ మెకానిక్ షెడ్లలో అదే కథ. విరుగుడుగా పంపు విప్పినప్పుడు వైటాన్ అనే ఫ్లోరిన్ రబ్బరు సీళ్ళు వేయించుకోవాలి. ఖరీదు కొంచెం ఎక్కువ, కానీ వాటికి డీజిల్ రకంతో పేచీ లేదు.

సీలు ముడుచుకుంటే డీజిల్ బయటికి కారాలి కదా, నేల మీద చుక్క లేదేమిటని అడుగుతారు. ట్యాంకు వెనక ఉంది, పంపు ముందుంది, మధ్యలో పంపు డీజిల్‌ను పీలుస్తోంది. పీల్చే గొట్టంలో చిల్లి పడితే బయటికేదీ రాదు, గాలి లోపలికి పోతుంది. రాత్రంతా నిలిపిన బండిలో డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది, పొద్దున సెల్ఫ్ ఎంత తిప్పినా లేవదు, ఫిల్టరు మీది హ్యాండ్ పంపు నాలుగు నొక్కులు నొక్కితే లేస్తుంది. ఇలాంటి బండిని చూసి బ్యాటరీ మార్చినవాళ్ళున్నారు, సెల్ఫ్ మోటారు కట్టించినవాళ్ళున్నారు. చేయాల్సిందల్లా పంపుకు ముందు ఒక జానెడు పారదర్శకమైన గొట్టం వేసి చూడటం. అందులో బుడగలు కనిపిస్తే వెనకనుంచి ఒక్కో అతుకూ చూసుకుంటూ రావాలి. ఎక్కువసార్లు దొంగ ఫిల్టరు పైన ఎండిపోయిన వాషరు, లేదా ట్యాంకు దగ్గర పగుళ్ళు తీసిన రబ్బరు గొట్టం.

ఇంకో శత్రువు నీళ్ళు. పగలు 40 డిగ్రీలెక్కి రాత్రి 27కి దిగే చోట సగం నిండిన ట్యాంకు రోజూ ఊపిరి తీస్తుంది. పగలు లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి సముద్రపు తేమ ఉన్న గాలి లోపలికొస్తుంది. చల్లబడిన గోడల మీద ఆ తేమ చుక్కలై అడుగుకు చేరుతుంది. నీళ్ళూ డీజిలూ కలిసే ఆ సరిహద్దులో బూజు పెరుగుతుంది. హోర్మోకోనిస్ రెసినే అనే శిలీంధ్రం డీజిల్‌ను తిని బతుకుతుంది. ఫిల్టరు విప్పితే నల్లటి జిగురు కనిపిస్తే తారు అనుకోవద్దు, అది ప్రాణమున్న పదార్థం. రోజూ తిరిగే బండికి ఈ బెడద తక్కువ, ఎందుకంటే ట్యాంకు తరచూ నిండుతుంది. వానాకాలంలో నెలకోసారి ఫిల్టరు అడుగు మరను వదులు చేసి ఒక గ్లాసులోకి కాస్త వదిలితే, నీళ్ళుంటే అడుగున విడిగా కనిపిస్తాయి.

రోహిణి కార్తెలో

మే నెల వస్తే తమిళనాడు ఎండల పట్టికలో తిరుత్తణి పేరు పైనే ఉంటుంది. 40 దాటడం మామూలు, 42, 43 చూడని ఏడు అరుదు. అలాంటి మధ్యాహ్నం ఏసీ వేసుకుని, నలుగురిని ఎక్కించుకుని, ఇటుక లారీ వెనక రెండో గేరులో పాకే పాత డీజిలును తలుచుకోండి.

ఈ తరం ఇంజన్లలో చాలావాటికి దిమ్మ పోత ఇనుము, పైనున్న హెడ్డు అల్యూమినియం. డిగ్రీకి ఇనుము పది లక్షల్లో పదకొండున్నర వంతు సాగితే అల్యూమినియం ఇరవైమూడు వంతులు సాగుతుంది, అంటే రెండింతలు. అర మీటరు పొడవున్న హెడ్డు 80 డిగ్రీలు వేడెక్కితే 0.92 మిల్లీమీటర్లు సాగుతుంది, దాని కిందున్న దిమ్మ 0.46. ఈ అర మిల్లీమీటరు తేడాను ప్రతి ప్రయాణంలోనూ మధ్యనున్న హెడ్ గ్యాస్కెట్ సర్దుకుంటుంది. మామూలు వేడిలో అది ఇరవయ్యేళ్ళు సర్దుకోగలదు. ఒక్కసారి నీళ్ళయిపోయి హెడ్డు విపరీతంగా వేడెక్కిందా, బోల్టుల మధ్య ఎటూ సాగే దారిలేక వంగుతుంది, లేదా వాల్వుల మధ్య సన్నటి పగులు తీస్తుంది. డీజిల్ బండి యజమాని జేబుకు పడే అతి పెద్ద చిల్లు ఇదే. దాన్ని ఆపగలిగినవి మాత్రం చవక: రేడియేటరు మూత, హోస్ పైపులు, క్లిప్పులు, శుభ్రమైన నీళ్ళు.

రేడియేటరు మూతలో ఒక స్ప్రింగు, ఒక రబ్బరు వాషరు ఉంటాయి. అవి లోపల 0.9 బార్ అదనపు ఒత్తిడి నిలబెడతాయి. ఆ ఒత్తిడిలో నీళ్ళు 100 దగ్గర కాక 118, 119 దగ్గర మరుగుతాయి. వాషరు గట్టిపడితే ఆ పద్దెనిమిది డిగ్రీల రక్షణ పోయినట్టే. కూలెంటు సరిగా ఉన్నా, పంపు తిరుగుతున్నా, బండి ఎండలో పొంగుతుంది. మూత మార్చడానికి బద్ధకించి హెడ్డు పని చేయించుకోవడం నాకు అర్థం కాని పొదుపు.

నీళ్ళ సంగతి. ఇక్కడి పల్లెల్లో చాలా బోర్ల నీళ్ళు ఉప్పటివి. కాఫీకి నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టే ఊళ్ళో అదే కాల్షియం పొర ఇంజను లోపలా కడుతుంది. ఆ పొర వేడిని ఇనుముకంటే ఇరవై రెట్లకు పైగా తక్కువగా దాటనిస్తుంది. వేడి ముల్లు ఎగబాకిన ప్రతిసారీ దారిపక్క బోరు కొట్టి రేడియేటరు నింపిన బండికి కొన్నేళ్ళలో సన్న గొట్టాలు మూసుకుపోతాయి. డిస్టిల్డ్ వాటరు డబ్బా ఒకటి డిక్కీలో ఉంచుకుంటే ఆ అవసరం రాదు. కూలెంటు మరుగు స్థానాన్ని కొంత పెంచుతుందన్నది నిజమే గానీ, మన వాతావరణంలో దాని అసలు విలువ తుప్పు పట్టకుండా ఆపే మందుల్లో ఉంది. ఆ మందులు రెండు మూడేళ్ళలో ఖర్చైపోతాయి. రంగు మాత్రం పచ్చగానే ఉంటుంది, అందుకే దాన్ని చూసి ధైర్యపడకూడదు.

మా వైపు మెకానిక్కులు చాలామంది థెర్మోస్టాట్ పీకి పారేస్తారు. చల్లటి దేశపు సరుకు, మనకెందుకని వాదన. ఈ వాదనలో రెండు తప్పులున్నాయి. చాలా ఇంజన్లలో వేడెక్కిన థెర్మోస్టాట్ రేడియేటరు దారిని తెరవడమే కాదు, అడ్డదారిని మూస్తుంది కూడా. దాన్ని తీసేస్తే నీళ్ళలో కొంత భాగం రేడియేటరు ముఖం చూడకుండానే ఇంజనులోకి తిరిగిపోతుంది. రెండోది రోజువారీ బండికి మరీ ముఖ్యం: పాండూరు నుంచి తిరువళ్ళూరుకు పోయి ఆగే చిన్న ప్రయాణంలో ఇంజను పూర్తిగా వేడెక్కదు. చల్లగా తిరిగే డీజిలులో మసి, నీటి ఆవిరి ఆయిలులోకి దిగుతాయి, సిలిండరు గోడలు త్వరగా అరుగుతాయి. వారానికోసారి తిరుపతి రోడ్డు మీద గంటసేపు ఒకే వేగంతో తోలితే ఆ ఆయిలులోని నీళ్ళు ఎగిరిపోతాయి.

వేడి ముల్లును గుడ్డిగా నమ్మవద్దు. దాని సెన్సరు నీళ్ళలో మునిగి ఉన్నంతసేపే నిజం చెబుతుంది. గొట్టం పగిలి నీళ్ళన్నీ పోయాక అది గాలిలో వేలాడుతూ మామూలు వేడినే చూపించవచ్చు. ఏసీ ఉన్నట్టుండి చల్లదనం తగ్గించడం, ఇంజను శబ్దం గరుకెక్కడం, తియ్యటి కూలెంటు వాసన రావడం ముల్లుకంటే ముందు కబురు చెప్పవచ్చు.

బట్టీ దుమ్ము

2.8 లీటర్ల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరిగితే గంటకు సుమారు 170 ఘనపు మీటర్ల గాలి పీలుస్తుంది. టర్బో తోస్తే ఇంకా ఎక్కువ. ఇటుక బట్టీ దారిలో ఆ గాలి నిండా సన్నటి మట్టి, అందులో ఇసుకరేణువుల సిలికా. మోస్ కొలతలో సిలికా కాఠిన్యం 7. మామూలు ఇనుము, ఉక్కు అంతకంటే కిందే. కంటికి కనిపించే గరుకు దుమ్మును ఫిల్టరు పట్టేస్తుంది. పిస్టను రింగుల దగ్గర నూనె పొర మందం కొద్ది మైక్రాన్లే కాబట్టి, ఆ పరిమాణంలో ఉండి కంటికి ఆనని రేణువులే గోడలను గీరుతాయి. షెడ్డులో కంప్రెసరు గొట్టం దగ్గరగా పెట్టి ఫిల్టరును బయటి నుంచి ఊదితే దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది, కాగితానికి కనపడని చిల్లులు పడతాయి. ఊదాలనుకుంటే లోపలి నుంచి బయటికి, దూరంగా, తక్కువ గాలితో. బట్టీకి రోజూ వెళ్ళే బండికి నా మాటైతే ఊదడం మానేసి కొత్తది వేయడమే.

ఫిల్టరు కొత్తదైనా, దానికీ టర్బోకూ మధ్యనున్న రబ్బరు మోచేయి గొట్టం చిట్లితే అంతా వృథా. దాన్ని వంచి, మడతల్లో వేలు పెట్టి చూడాలి. పగుళ్ళు మడత అడుగునే దాక్కుంటాయి.

నాలుగు చక్రాల లెక్క

బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాలకంటే పెద్ద వలయంలో పోతాయి, అంటే ఎక్కువ దూరం తిరగాలి. పాత జీపుల్లో ఫోర్ వీల్ లీవరు వేస్తే ముందూ వెనకా షాఫ్టులు ఒకే వేగంతో బిగిసిపోతాయి. ఇసుకలో, బురదలో చక్రం జారి ఆ తేడా తీర్చుకుంటుంది. పొడి తారు మీద జారే వీలు లేక షాఫ్టులు మెలితిరుగుతాయి, స్టీరింగు బిగుస్తుంది, ట్రాన్స్‌ఫర్ కేసులో గేర్లు మూలుగుతాయి. పజేరోలోని సూపర్ సెలెక్టు దీనికి మధ్యలో ఒక డిఫరెన్షియల్ పెట్టి పరిష్కారం చూపింది. దాంతో తారు మీద కూడా నాలుగు చక్రాలతో పోవచ్చు. మధ్య లాకు వేసిన రెండు స్థానాలు మాత్రం మట్టికే. ఈ బండ్లన్నిటికీ ఒక షరతు ఉంది. నాలుగు టైర్లూ ఒకే కొలతలో, ఇంచుమించు ఒకే అరుగుదలతో ఉండాలి. ముందు రెండు కొత్తవి, వెనక రెండు గుండువి వేస్తే, మలుపు లేకపోయినా తేడా మొదలవుతుంది.

ఎక్కువమంది ఏడాదికి ఒకసారి కూడా ఆ లీవరు ముట్టరు. అప్పుడు సీళ్ళు ఎండుతాయి, ఫోర్క్ బిగుసుకుంటుంది. పజేరో ముందు ఇరుసును కలపడం విడదీయడం వాక్యూమ్‌తో జరుగుతుంది. ఆ సన్న గొట్టాలు ఇంజను వేడికి పెళుసెక్కి విరుగుతాయి. లీవరు వేశాక డాష్‌బోర్డు మీది చక్రాల దీపం నిలకడగా వెలగకుండా మినుకుతూ ఉంటే గేరుబాక్సు విప్పించకండి, ముందు ఆ గొట్టాలు చూడండి. నెలకోసారి మట్టిదారిలో ఓ కిలోమీటరు ఫోర్ వీల్‌లో తోలితే చాలు.

వాక్యూమ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక ముఖ్యమైన సంగతి. పెట్రోలు ఇంజనులో థ్రాటిల్ మూసినప్పుడు శూన్యం ఉచితంగా దొరుకుతుంది. డీజిలుకు గాలి దారిలో అలాంటి అడ్డు లేదు, అందుకే శూన్యం తయారుచేయడానికి విడిగా పంపు ఉండాలి. చాలా బండ్లలో అది ఆల్టర్నేటరు వీపున అంటుకుని ఉంటుంది. బ్రేకు తొక్కుడును తేలిక చేసేదీ అదే శూన్యం. బ్రేకు పెడలు రోజురోజుకూ గట్టిపడుతుంటే ప్యాడ్ల కంటే ముందు ఈ పంపునూ దాని గొట్టాన్నీ అనుమానించాలి.

వానాకాలం ఇంకో పరీక్ష. ఆంధ్రలో కృష్ణాపురం జలాశయం గేట్లు ఎత్తితే కుశస్థలి నది పొంగి పళ్ళిపట్టు వైపు దారులు మునుగుతాయి. అదే నీరు కిందికొచ్చి, 1944లో కట్టిన పూండి జలాశయం చేరుతుంది. ఉధృతంగా పారే నీటిలో ఏ బండినీ దించకూడదు. మోకాలి లోతున నిలిచిన నీళ్ళలో దిగినా ఒక భౌతికశాస్త్రం పనిచేస్తుంది. దారంతా తిరిగి 80 డిగ్రీలకు కాగిన ఇరుసు హౌసింగు ఒక్కసారిగా 30 డిగ్రీల నీటిలో మునిగితే, లోపలి గాలి ఏడో వంతు కుంచించుకుపోతుంది. ఊపిరి గొట్టం మట్టితో మూసుకుని ఉంటే ఆ లోటును సీళ్ళ పక్కనుంచి నీళ్ళు తీరుస్తాయి. మర్నాడు బండి బాగానే నడుస్తుంది, ఆర్నెల్ల తర్వాత బేరింగు అరుస్తుంది. ఇరుసు నూనె పాలరంగులోకి తిరిగితే నీళ్ళు చేరినట్టే, వెంటనే మార్చాలి. ఊపిరి గొట్టానికి రెండు మీటర్ల రబ్బరు పైపు తగిలించి బోనెట్టు కిందికి ఎత్తి కడితే ఈ చిక్కే ఉండదు.

కరెంటు గురించి ఒకే ఒక్క లెక్క. డీజిల్ సెల్ఫ్ మోటారు రెండు వందల ఆంపియర్లు లాగుతుంది. ఎర్త్ వైరు కొస తుప్పు పట్టి ఓములో నూరోవంతు అడ్డు పెరిగితే, అక్కడే రెండు వోల్టులు మాయం. పన్నెండులో పది మాత్రమే మోటారుకు చేరతాయి. సెల్ఫ్ నీరసంగా తిరిగితే కొత్త బ్యాటరీ కొనే ముందు ఎర్త్ వైరు విప్పి, ఉప్పుకాగితంతో గీకి, బిగించండి.

పొగ, కాగితాలు

పాత బండిని నిలబెట్టడం పర్యావరణానికి మేలని కొందరు వాదిస్తారు, కొత్తది తయారుచేయడానికయ్యే శక్తి మిగిలింది కదా అని. ఈ మాట సగమే ఒప్పుకోవాలి. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం డీజిల్ పొగను మనుషుల్లో కేన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. ఆ తరం బండ్లకు మసి పట్టే ఫిల్టరు లేదు. నల్లపొగ కక్కే బండి బడి ముందు ఆగితే దాన్ని ఇంజను హుందాతనమని అనలేం. నల్లపొగ వస్తోందంటే గాలి చాలకో నాజిల్ సరిగా చిమ్మకో డీజిల్ కాలడం లేదు. నాజిళ్ళు విప్పి టెస్టరు మీద తుంపర చూపించుకుంటే పొగా తగ్గుతుంది, మైలేజీ పెరుగుతుంది. నీలిపొగ అయితే ఆయిలు మండుతోంది. వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ కూలెంటు వాసన కొడితే హెడ్డు దగ్గరికి వెళ్ళాల్సిందే.

సొంత వాహనం రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ముగుస్తుంది. ఆ తర్వాత ఐదేసి ఏళ్ళకు తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. తమిళనాడులో దీనికి తోడు హరిత పన్ను ఉంది, 2022 ఏప్రిల్ నుంచి ఫీజులూ పెరిగాయి. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిళ్ళ మీద 2015లో హరిత ట్రిబ్యునల్ పెట్టిన నిషేధం ఇక్కడ లేదు. అదిగత్తూరులో మొదట తయారైన పజేరోలు ఆ పదిహేనేళ్ళ గడపను ఎప్పుడో దాటాయి. 2012లో రిజిస్టరైన చివరి బండ్లకు ఆ గడువు 2027లో వస్తుంది. వాటికి కొత్త విడిభాగాలు దొరకడం ఏటేటా కష్టమవుతోంది. చెన్నై పుదుప్పేట సందుల్లో విప్పిన బండ్ల ముక్కలు దొరుకుతాయి. ఇనుప భాగాలైతే అక్కడ నిశ్చింతగా ఏరుకోవచ్చు: హౌసింగులు, షాఫ్టులు, గేర్లు. పాత రబ్బరు మాత్రం ఎంత చవకైనా అక్కడ కొనవద్దు. అది మీ బండి మీదున్న రబ్బరుకు తోటిదే, ఒకే ఏడు పుట్టింది.

ఇలాంటి బండిని కొత్తగా కొనబోయేవాళ్ళు, తాము వచ్చేదాకా స్టార్టు చేయవద్దని అమ్మేవాళ్ళకు ముందే చెప్పాలి. వెళ్ళగానే బోనెట్టు మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే ఎవరో అప్పటికే లేపి ఉంచారని అర్థం, పొద్దుటి మొండితనం మీకు కనపడనివ్వరు. చల్లగా ఉంటే రేడియేటరు మూత తీసి, కూలెంటు మీద నూనె జిడ్డు ఉందేమో, మూత వాషరు మెత్తగా ఉందో లేదో చూడాలి. పై హోసును వేళ్ళతో నొక్కాలి. చిటపటమంటే లోపలి నూలు పొర తెగింది. డిప్‌స్టిక్కు నల్లగా ఉండటం డీజిలుకు సహజం, పాలరంగు ఉంటే వెనక్కి తిరగండి. అప్పుడు తాళం తిప్పి, హీటర్ దీపం ఆరాక సెల్ఫ్ కొట్టి, ఎన్ని సెకన్లకు లేచిందో, మొదటి పొగ ఏ రంగో, ఎంతసేపట్లో ఆగిందో చూసుకోవాలి. లేచాక ఆయిలు మూత వదులుచేసి పైన పెట్టి చూడండి. మూత కాస్త కదిలితే పర్వాలేదు, ఎగిరి పడుతుంటే రింగుల పక్కనుంచి గాలి దిగుతోంది. బేరం ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.